నా మదర్‌బోర్డు వెనకాల ఉన్న ఆ బుల్లి బటన్ గురించి, ఇన్నేళ్లు వాడాక

నాది ఏఎండీ ప్రాసెసర్ల కోసం చేసిన బీ450 మదర్‌బోర్డు, దాని గురించి కొత్తగా చెప్పేదేముంది, ఎన్ని ఫ్యాన్ హెడర్లు ఎన్ని యూఎస్‌బీలు అన్నవి అందరికీ తెలిసినవే, అవన్నీ వదిలేస్తున్నా. 2019లో కొన్నా, ఇప్పటికీ రోజూ దాని మీదే గేమ్స్ ఆడుతున్నా. ప్రాసెసర్ మారింది, గ్రాఫిక్స్ కార్డు మారింది, క్యాబినెట్ కూడా మారింది, బోర్డు మాత్రం అదే. దాని వెనక యూఎస్‌బీ పోర్టుల పక్కన ఒక చిన్న బటన్ ఉంటుంది, బయాస్ ఫ్లాష్‌బ్యాక్ అంటారు. బయాస్ అంటే కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ముందు నడిచే, బోర్డులోనే ఉండే చిన్న సాఫ్ట్‌వేర్, దాన్ని అప్‌డేట్ చెయ్యడానికే ఈ బటన్. కొనేటప్పుడు దాన్ని అసలు పట్టించుకోలేదు, ఇప్పుడు ఈ బోర్డులో అన్నిటికంటే ఎక్కువ ఇష్టమైంది అదే.

అప్పుడే ఏఎండీ వాళ్ల రైజెన్ 5 3600 ప్రాసెసర్ వచ్చింది. ప్రాసెసర్ కూర్చునే చోటుని సాకెట్ అంటారు, ప్రాసెసర్‌ది ఏఎం4 సాకెట్, బోర్డుదీ ఏఎం4, ఇంకేం చూడాలి అనుకుని రెండూ కొనేశా. అన్నీ బిగించి పవర్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా అలాగే ఉంది. బోర్డు మీద సీపీయూ అని రాసున్న చోట ఒక ఎర్ర లైట్ వెలిగి ఇంక ఆరట్లేదు. ర్యామ్ తీసి మళ్లీ పెట్టా, ఒక్క స్టిక్‌తో చూశా, స్లాట్ మార్చా, గ్రాఫిక్స్ కార్డు ఇంకోసారి నొక్కా, బోర్డు మీద ఉండే గుండ్రటి బ్యాటరీ తీసి పావుగంట ఆగి పెట్టా, ఏం లాభం లేదు. పిన్ను ఏదైనా వంగిందేమో అని రాత్రి పదకొండింటికి ప్రాసెసర్ బయటికి తీసి ఫోన్ టార్చ్ వేసి వరసవరసా చూశా, 1331 పిన్నులు, అన్నీ నిటారుగానే ఉన్నాయి. చేతులు వణికాయి ఆ రోజు, ఎందుకంటే ఎన్నో నెలలు దాచుకున్న డబ్బు అది.

విషయం ఏంటంటే నా బోర్డు ఫ్యాక్టరీలో తయారైంది ఈ ప్రాసెసర్ రాకముందు, అందులో ఉన్న బయాస్‌కి 3600 అనేది ఒకటి ఉందనే తెలీదు. సాకెట్‌లో పట్టడం వేరు, బోర్డు దాన్ని గుర్తుపట్టడం వేరు. బయాస్ అప్‌డేట్ చేద్దామంటే బోర్డు ఆన్ అవ్వాలి, ఆన్ అవ్వాలంటే దానికి తెలిసిన పాత ప్రాసెసర్ కావాలి, అది నా దగ్గర లేదు. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు అన్నట్టుంది.

అప్పుడు మాన్యువల్ తిరగేస్తుంటే కనిపించింది ఈ బటన్. ప్రాసెసర్ అక్కర్లేదు, ర్యామ్ అక్కర్లేదు, పవర్ సప్లై నుంచి 24 పిన్ కేబుల్, 8 పిన్ కేబుల్ పెట్టి, పెన్‌డ్రైవ్‌లో కొత్త బయాస్ ఫైల్ వేసి, ఫైల్ పేరు వాళ్లు చెప్పినట్టు మార్చి, గుర్తు వేసిన ఆ ఒక్క పోర్టులోనే గుచ్చి బటన్ నొక్కాలి. నొక్కా. లైట్ నాలుగు సార్లు మినుకుమని ఆగిపోయింది. నా పెన్‌డ్రైవ్ 64 జీబీది, ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంది, దీనికేమో ఫ్యాట్32 అనే ఫార్మాట్ కావాలి, 32 జీబీ దాటిన వాటికి విండోస్‌లో మామూలుగా ఫార్మాట్ చేసే చోట ఆ ఆప్షనే చూపించలేదు. సొరుగులో వెతికితే పాత 8 జీబీది దొరికింది. ఈసారి లైట్ ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది, ఐదు నిమిషాలు పైనే, నేను దాని ముందు నేల మీద కూర్చుని రెప్ప వెయ్యకుండా చూస్తున్నా, మధ్యలో కరెంటు పోతే ఏంటి పరిస్థితి అని ఒకటే భయం. లైట్ ఆరింది. అన్నీ మళ్లీ బిగించి పవర్ నొక్కితే స్క్రీన్ మీద రైజెన్ 5 3600 అని అక్షరాలు వచ్చాయి. ఆ సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

2023లో రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసర్‌కి మారినప్పుడు కూడా ముందే అదే బటన్, అదే 8 జీబీ పెన్‌డ్రైవ్, ఈసారి భయం లేదు. 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) ఉన్న ప్రాసెసర్ అంత పాత బోర్డులో నడవడం నాకైతే గొప్ప విషయమే. కాకపోతే పాత కూలర్ లాగితే, మధ్యలో వేడి లాగడానికి పూసే పేస్ట్ ఎండిపోయి ఉండటంతో, కూలర్‌కి అతుక్కుని ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడి వచ్చేసింది, పిన్నులకేం కాలేదు కాబట్టి సరిపోయింది. కాసేపు గేమ్ నడిపి వేడెక్కాక ఆపేసి, మెల్లగా తిప్పుతూ తీయాలి కూలర్‌ని. కొత్త ప్రాసెసర్‌తో ఆన్ చెయ్యగానే ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లో భద్రతా తాళాలు దాచే చోటు) రీసెట్ చెయ్యనా అని వై ఆర్ ఎన్, అంటే అవునా కాదా అని అడిగింది, బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సౌకర్యం) ఆన్‌లో ఉన్నవాళ్లు రికవరీ కీ రాసి పెట్టుకోకుండా అక్కడ వై నొక్కొద్దు. ర్యామ్‌ని పూర్తి వేగంతో నడిపే ఎక్స్ఎంపీ సెట్టింగ్ కూడా పోయి వేగం 2133కి వచ్చేసింది, నేను రెండు రోజులు గమనించలేదు.

అప్పట్లో నేను అందరికీ ఈ బటన్ ఉంటే ఇంక కంపాటిబిలిటీ గొడవే ఉండదు అని చెప్పేవాణ్ణి. అది పూర్తిగా నిజం కాదు, బయాస్ వరకే అది. నా బోర్డులో రెండో ఎం.2 స్లాట్‌లో (చిన్న ఎస్‌ఎస్‌డీలు నేరుగా బోర్డుకే గుచ్చే చోటు) ఎస్‌ఎస్‌డీ పెట్టగానే, హార్డ్ డిస్క్‌లు కేబుల్‌తో తగిలించే సాటా పోర్టులు రెండు పనిచెయ్యడం మానేశాయి, హార్డ్ డిస్క్ చచ్చిపోయిందనుకున్నా, అది మాన్యువల్‌లో ఒక మూల చిన్న అక్షరాల్లో రాసుంది. రెండు ర్యామ్ స్టిక్‌లతో 3200 వేగం నిక్షేపంగా నడిచింది, అదే మోడల్‌వి ఇంకో రెండు పెట్టేసరికి గేమ్స్ మధ్యలో క్రాష్ అయ్యాయి, 2933కి తగ్గించాల్సి వచ్చింది. వీటికి ఏ బటనూ లేదు.

ఇప్పటికీ ఇది అవసరమేనా అంటే, ఏఎం4 తర్వాతి సాకెట్ అయిన ఏఎం5లో పాత స్టాక్ బీ650 బోర్డు మీద రైజెన్ 9000 సిరీస్ ప్రాసెసర్ పెట్టినా ఇదే కథ, ఇంటెల్‌లో పాత స్టాక్ 600 సిరీస్ బోర్డు మీద 13వ తరం ప్రాసెసర్ పెట్టినా అంతే. ఇంట్లో ఒకే కంప్యూటర్ ఉండి, సొంతంగా బిగించుకుంటూ, బోర్డు మార్చకుండా మధ్యలో ప్రాసెసర్ మారుద్దాం అనుకునే నాలాంటి వాళ్లకైతే తప్పకుండా చూసి తీసుకోమంటా. కొన్నచోటే అప్‌డేట్ చేసి ఇస్తామంటే అంత పట్టింపు అక్కర్లేదేమో. మొన్న మా తమ్ముడికి రైజెన్ 5 5600తో కంప్యూటర్ బిల్డ్ చేశాం, బడ్జెట్ అంతా గ్రాఫిక్స్ కార్డుకే కావాలన్నాడు, ఆ బటన్ లేని బీ550 బోర్డే తీసుకున్నాం. ఆ బోర్డు కూడా 5600ని గుర్తుపట్టలేదు, స్క్రీన్ రాలేదు. నా పాత 3600 డబ్బాలోనే ఉంది కదా, అది పెట్టి ఆన్ చేసి బయాస్ అప్‌డేట్ చేసుకుని, మళ్లీ 5600 పెట్టాం.