యాభై దాటాక ఎల్క్ వేటకి ఎంత బరువు రైఫిల్ - ఏడు సీజన్లు వాడాక నా మాట

కొలరాడోలో చాలా ఏళ్ళుగా ఉంటున్నా, ప్రతి అక్టోబర్‌లో ఫ్లాట్ టాప్స్ కొండల్లోకి ఎల్క్ వేటకి వెళ్తా (మన కణుజు లాంటిదే, ఇంకా చాలా పెద్దది). ఇప్పుడు నాకు 61. మొదట్లో వాడింది థర్టీ నాట్ సిక్స్ అనే పెద్ద తూటా రైఫిల్, పెద్ద స్కోపు (గురి చూసే దుర్భిణి), బైపాడ్ (ముందు ఆనించే రెండు కాళ్ళ స్టాండు) అన్నీ కలిపి 4.7 కేజీలు, నలభైల్లో ఆ బరువే తెలీలేదు. యాభై దాటాక 3,000 మీటర్ల ఎత్తులో పొద్దంతా తిరిగితే సాయంత్రానికి స్లింగ్ (భుజానికి తగిలించుకునే పట్టీ) ఆనిన చోట భుజం కమిలిపోయేది, మెడ తిరిగేది కాదు.

దాంతో ఎకాఎకీ 2.5 కేజీల దానికి మారా, అదీ త్రీ హండ్రెడ్ మాగ్నమ్ అనే ఇంకా బలమైన తూటాది. పెద్ద తప్పు అది. మోస్తుంటే హాయిగానే ఉండేది, పేలిస్తే మాత్రం గాడిద తన్నినట్టు తన్నేది. ఒకసారి స్కోపు అంచు కనుబొమ్మకి తగిలి రక్తం కారింది, ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి. పైగా ఎత్తెక్కి వగరుస్తూ గురి పెడితే ఆ సన్నటి బ్యారెల్ ఊపిరితో పాటే ఊగేది, గుండె కొట్టుకున్నప్పుడల్లా క్రాస్‌హెయిర్ (స్కోపులోని గురి గీతలు) ఎగిరేది. 200 గజాల్లో ఆడ ఎల్క్ పక్కకి తిరిగి నిలబడితే కూడా కాల్చకుండా వదిలేశా, కడుపులో తగిలి అది ఎక్కడో పడి చస్తే ఆ పాపం నాదే కదా.

2018లో టిక్కా టీ3ఎక్స్ లైట్ అనే రైఫిల్ కొన్నా, 6.5 క్రీడ్‌మూర్ అనే చిన్న తూటాది. ఖాళీది మూడు కేజీల లోపే, చిన్న స్కోపు, స్లింగ్, తూటాలతో మూడున్నర. నా వయసుకి సరిగ్గా కుదిరింది ఇదే. తన్నుడు తక్కువ కాబట్టి వేసవంతా ప్రాక్టీస్ చేసినా భుజం నొప్పి లేదు, కళ్ళు మూసుకునే జబ్బు రెండో ఏడాదికి పోయింది. తూటా చిన్నది కాబట్టి ఎల్క్ మీద 300 గజాలు దాటి కాల్చను, అది నేను పెట్టుకున్న హద్దు. బైపాడ్ తీసేశా, ఎలాగూ నడవడానికి చేతికర్రలు ఉంటాయి, రెండూ ఎక్స్ లాగా అడ్డంగా పెట్టి వాటి మీదే ఆనిస్తా.

కొనేవాళ్ళు షాపులో ఖాళీ రైఫిల్ ఎత్తి చూసి మురిసిపోకండి. స్కోపు బిగించిన దాన్ని అడిగి, నిలబడి భుజానికి ఆనించి ముప్పై అంకెలు లెక్కపెట్టండి, ఇరవై దగ్గరే చెయ్యి వణికితే ఇంకో అర కేజీ తక్కువది చూడండి, కానీ కేలిబర్ (తూటా సైజు) కూడా తగ్గించుకోండి.