మైక్రోస్కోపు బొమ్మలకు ఏది మేలు: కంపెనీ సాఫ్ట్‌వేరా, ఫిజీనా?

రీసెర్చ్ పేపర్ రివిజన్ పంపాల్సిన ముందు రాత్రి. కణాల కొలతలన్నీ మళ్లీ తీయాలి. ల్యాబులో కొన్న ఎనాలిసిస్ సాఫ్ట్‌వేర్ డాంగిల్ (యూఎస్‌బీలో పెట్టే లైసెన్స్ తాళం) పెడితేనే తెరుచుకుంటుంది. ఉన్నది ఒక్కటే డాంగిల్. అది మా సీనియర్ సొరుగులో, తాళం ఆయన జేబులో, ఆయనేమో వరంగల్‌లో పెళ్లిలో! ఆ టెన్షన్‌లోనే ఫిజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను.

అందుకే హబ్సిగూడ, ఉప్పల్ వైపు ల్యాబుల్లో చేరిన జూనియర్లు "ఏది వాడాలన్నా?" అంటే, ఫొటో తీయడానికా, కొలవడానికా అని ముందు అడుగుతాను.

తీయడానికైతే మైక్రోస్కోపుతో వచ్చిందే వాడండి. జైస్ వాళ్ల జెన్, నికాన్ వాళ్ల ఎన్ఐఎస్-ఎలిమెంట్స్ తమ లేజర్లనూ స్టేజీనీ (స్లైడు పెట్టే బల్లను) ఒకేచోటి నుంచి నడుపుతాయి. మొరాయిస్తే ఇంజనీరును పిలవొచ్చు. మైక్రోస్కోపును నడిపేందుకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ మైక్రో-మేనేజర్, 2005లో అమెరికాలోని యూసీఎస్ఎఫ్ యూనివర్సిటీలో రాన్ వేల్ ల్యాబులో మొదలైంది. పాత మైక్రోస్కోపుకు ఒకరి కెమెరా, ఇంకొకరి స్టేజీ తగిలించుకున్న ల్యాబుకు అదే దిక్కు. డ్రైవర్లు కుదిరేదాకా మాత్రం ఓపిక పట్టాలి.

కొలవడానికి నా ఓటు ఫిజీకే. 1997లో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో వేన్ రాస్‌బాండ్ మొదలుపెట్టిన ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌కే బోలెడు ప్లగిన్లు (అదనపు పనిముట్లు) జోడించి ఇచ్చిన మూట ఇది. ఇందులోని బయో-ఫార్మాట్స్ ప్లగిన్ జెన్ ఫైళ్లనూ నికాన్ ఫైళ్లనూ పిక్సెల్ సైజుతో సహా తెరుస్తుంది. మ్యాక్రో రికార్డర్ ఆన్ చేసుకుంటే మీరు వాడిన కమాండ్లన్నీ రాసిపెడుతుంది. రివ్యూయర్ "ఎలా కొలిచారు?" అంటే ఆ మ్యాక్రోనే పంపేయొచ్చు. డాంగిల్ సాఫ్ట్‌వేర్‌లో చేసింది సరిచూడాలంటే అవతలివాళ్లూ లైసెన్స్ కొనాలి కదా!

వందల ఫొటోల్లో కణాలు లెక్కపెట్టాలంటే సెల్‌ప్రొఫైలర్, అదీ ఉచితమే. త్రీడీలో కణాలను తిప్పి చూపించాలంటే మాత్రం ఇమారిస్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ ముందు ఫిజీ వెలవెలబోతుంది, ఒప్పుకోవాలి. అంతమాత్రాన ప్రతి ల్యాబూ ఇమారిస్ కొననక్కర్లేదు, క్యాంపస్‌లో ఇమేజింగ్ ఫెసిలిటీ ఉంటే అక్కడ గంట స్లాట్ అడగండి.

ఫిజీలో ఒక గండం ఉంది. బ్రైట్‌నెస్ కిటికీలో స్లైడర్లు జరిపితే మారేది తెర మీద కనిపించే తీరే. అప్లై నొక్కారా, పిక్సెల్ విలువలే మారిపోతాయి. అలాంటి ఫొటోలో ఇంటెన్సిటీ (వెలుగు ఎంతుందో) కొలిచి గ్రాఫు గీసుకొచ్చినవాళ్లను ఇద్దరిని చూశాను. అందులో ఒకణ్ని నేనే.