పారిస్ రోదాన్ మ్యూజియం: కంచు కంటే ముందు ప్లాస్టర్ చూడండి

'థింకర్' శిల్పం పక్కన ఫొటో దిగి, తోటలో ఓ చుట్టు తిరిగి అరగంటలో బయటపడదామనుకుంటే రోదాన్ మ్యూజియం టికెట్ దండగ. మట్టి ముద్ద కంచు బొమ్మ అయ్యేలోపు ఎన్ని చేతులు మారుతుందో, అందులో శిల్పి సొంత పని ఎంతో చూడాలనుకునేవాళ్లకి మాత్రం డబ్బుకి రెట్టింపు గిట్టుబాటు. కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

మ్యూజియం ఉన్నది ఓతెల్ బిరోన్ అనే 18వ శతాబ్దపు మేడలో. ఫ్రెంచ్ శిల్పి ఓగస్ట్ రోదాన్ (1840–1917) 1908లో ఇందులో కొన్ని గదులు అద్దెకు తీసుకున్నాడు. 1916లో తన శిల్పాలన్నీ ప్రభుత్వానికి రాసిచ్చి, ఈ మేడని తన మ్యూజియంగా మార్చాలని షరతు పెట్టాడు. 1919లో తలుపులు తెరిచారు. 2015 నవంబరులో ముగిసిన పెద్ద మరమ్మతు తర్వాత 18 గదుల్లో కొత్తగా సర్దారు. గోడలకి వేసిన బూడిద రంగు బాగా కుదిరింది. తెల్లటి గోడ ముందు తెల్లటి ప్లాస్టర్ కలిసిపోతుంది, ఇక్కడ ఆ ఇబ్బంది లేదు.

మొదట ఆగాల్సింది 'ఏజ్ ఆఫ్ బ్రాంజ్' దగ్గర. బోజార్ కళాశాల మూడుసార్లు వద్దన్నాక రోదాన్ ఏళ్ల తరబడి ఇతర శిల్పుల దగ్గర అలంకరణ పనులు చేసి పొట్టపోసుకున్నాడు. ఒక బెల్జియన్ సైనికుడిని నిలబెట్టి చేసిన ఈ నిలువెత్తు బొమ్మని 1877లో ప్రదర్శిస్తే, మనిషి ఒంటి మీదే అచ్చు తీశాడని నింద వేశారు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగితే ఆ నింద ఎందుకు నిలవదో తెలుస్తుంది. ఒంటి మీద ప్లాస్టర్ పోసి అచ్చు తీస్తే దాని బరువుకి చర్మం, కండ అణిగిపోతాయి, ఉపరితలం చచ్చుగా వస్తుంది. ఇక్కడ పక్కటెముకల మీద, తొడ వెనక కండ వెలుగుని పట్టేలా కావాలని పెంచి చేసింది. చివరికి 1880లో ప్రభుత్వమే దాన్ని కొంది. అదే ఏడాది ఒక అలంకరణ కళల మ్యూజియం కోసం కంచు తలుపు చేయమని పురమాయించింది కూడా.

ఆ తలుపే 'గేట్స్ ఆఫ్ హెల్', అంటే నరక ద్వారం. ఆ మ్యూజియం అనుకున్న చోట కట్టనేలేదు, తలుపు రోదాన్ బతికుండగా కంచులోకి పోనేలేదు. ఇప్పుడు ముందరి ఆవరణలో, లోపలికి రాగానే ఎడమ వైపు గోడకి ఉంది. ఎత్తు ఆరు మీటర్ల పైమాటే, మీద దాదాపు 200 బొమ్మలు. పడమర ముఖం కాబట్టి మధ్యాహ్నం దాటాక వస్తేనే లోతులు తేలతాయి, పొద్దున పూట అంతా నల్లగా ముద్దగా ఉంటుంది. పైన నిలబడ్డ 'త్రీ షేడ్స్'ని చూడండి. ముగ్గురూ ఒకే బొమ్మ! ఒకే అచ్చులోంచి మూడు తీసి, వేర్వేరు కోణాల్లో తిప్పి నిలబెట్టాడు. వాళ్ల కింద కూర్చున్న థింకర్ అసలు సైజు సుమారు 70 సెంటీమీటర్లు. తోటలో గులాబీల మధ్య కనిపించేది 1904లో ప్రదర్శించిన పెద్దది. 'ద కిస్' కూడా ఈ తలుపు కోసం మొదలై, దాని విషాదానికి నప్పదని పక్కకి తీసేసిందే. రోదాన్ జీవితంలో మిగతా ముప్పై ఏళ్ల సరుకంతా ఈ తలుపు గోదాములోంచే వచ్చిందంటే అతిశయోక్తి కాదు.

అది ఎలా కుదిరిందో చెప్పేవి ప్లాస్టర్లే. జనం వాటిని దాటేసి పాలరాయి వైపు పోతారు, అది పొరపాటు. రోదాన్ తాకింది మట్టినే. మట్టిని తడిగుడ్డలు కప్పి కాపాడాలి. ఆరితే నెర్రెలిస్తుంది, చలికి గడ్డకడితే పగులుతుంది. 'మ్యాన్ విత్ ద బ్రోకెన్ నోస్' తల వెనక భాగం ఆ చలికే రాలిపోయి, ముఖం ఒక్కటే మిగిలింది. అందుకే మట్టి పచ్చిగా ఉండగానే ప్లాస్టర్ అచ్చు తీస్తారు. ఆ మొదటి అచ్చుని పగలగొడితేగాని లోపలి బొమ్మ బయటికి రాదు కాబట్టి ఒక్క ప్రతే వస్తుంది. ఆ ప్రతి మీద విడివిడి ముక్కలుగా మరో అచ్చు కట్టుకుంటే ఇక ఎన్నయినా తీయొచ్చు. ముక్కలు కలిసే చోట ప్లాస్టర్ కారి సన్నటి గట్లు లేస్తాయి. మామూలుగా వాటిని గీకేస్తారు, రోదాన్ చాలా చోట్ల వదిలేశాడు. పక్కనుంచి చూస్తే భుజాల మీద, తొడల మీద ఆ గీతలు తెలుస్తాయి. ఇలా తీసిన చేతులు, కాళ్లు, తలలు సొరుగుల్లో దాచుకుని, ఒకదానికొకటి తగిలించి కొత్త బొమ్మలు కట్టేవాడు. పురాతన మట్టి కుండల్లో చిన్న ప్లాస్టర్ ఆడబొమ్మల్ని కూర్చోబెట్టినవి తప్పకుండా చూడండి. తల, చేతులు లేని 'వాకింగ్ మ్యాన్' కూడా ఇలా మొండేన్ని కాళ్లకి తగిలించిందే, నడుం దగ్గర రెండింటి పనితనం తేడాగా ఉంటుంది.

పెద్దవి చేసే పని ఆన్రీ లెబోసేది. ఒక చేతి కొసన ఉన్న సూది చిన్న నమూనా మీద నడుస్తుంటే, రెండో చేతి కొసన ఉన్న పనిముట్టు అదే గీతని పెద్దగా చెక్కే యంత్రం ఆయనది. చిన్నదానిలో వేలి నొక్కు పెద్దదానిలో గుంట అవుతుంది, అంచులు మెత్తబడతాయి. అందుకే యంత్రం వదిలాక మళ్లీ చేత్తో సరిదిద్దాల్సిందే.

పాలరాయి సంగతి ఇంకోరకం. 'ద కిస్', 'డనాయిడ్' లాంటివి రోదాన్ ఉలి పట్టి చెక్కినవి కావు. ప్లాస్టర్ మీద కొలతలు గుర్తు పెట్టి, అంతే లోతుకి రాయిలో రంధ్రాలు వేసుకుని చెక్కే పనివాళ్లు ఉండేవారు. తర్వాత సొంతంగా పేరు తెచ్చుకున్న బూర్దెల్, పొంపొన్ కూడా ఆ పని చేసినవాళ్లే. ఆ కాలంలో అది మామూలే, మోసం కాదు. కానీ మ్యూజియం ఈ విషయాన్ని ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది. ఎక్కువ మంది 'ద కిస్' ముందు నిలబడి మెచ్చుకునేది ఆ పనివాళ్ల చేతినే. ఇక 'కెథెడ్రల్' ముందు మీ రెండు చేతులూ అలా కలపడానికి ప్రయత్నించండి, కుదరదు. రెండూ కుడిచేతులే.

శిల్పి కామీ క్లోదెల్ (1864–1943) గది చిన్నదే, ఉన్నవి మాత్రం మేలైనవి. 1880లలో రోదాన్ పనిశాలలో చేరిన ఆమె 1913 నుంచి చనిపోయేదాకా పిచ్చాసుపత్రిలోనే ఉంది. ఓనిక్స్ రాయి, కంచు కలిపి చేసిన 'వేవ్' దగ్గరికి వంగి చూడాల్సిన పని. ఓనిక్స్ చెక్కడానికి కష్టమైన రాయి, ఉలి జారితే దిద్దుకునే వీలుండదు. ఆమె పనే ముఖ్యమనుకునేవాళ్లకి ఈ గది చాలదు, నోజాన్-సుర్-సెన్‌లో 2017లో తెరిచిన ఆమె మ్యూజియానికి వెళ్లాలి.

కంచు దగ్గర ఒక హెచ్చరిక. 'అలెక్సిస్ రూడియే' అనే పోత కార్ఖానా ముద్ర ఉంటే రోదాన్ బతికుండగా పోసిందేనని అనుకోకండి. ఆ ముద్ర 1952 దాకా వాడారు. హక్కులు మ్యూజియానివి కాబట్టి తర్వాత కూడా పోతలు నడిచాయి, ఆ అమ్మకాల డబ్బే సంస్థకి ఒక ఆధారం. ఫ్రాన్సు నిబంధన ప్రకారం 12 ప్రతుల దాకా అసలువే: 8 మామూలు అంకెలతో, 4 రోమన్ అంకెలతో. దుకాణంలో అమ్మే రెసిన్ బొమ్మలు ఈ లెక్కలోకి రావు, ఇంటికి గుర్తుగా తప్ప కొనకండి.

సోమవారం సెలవు. మెట్రో 13వ లైన్‌లో వరెన్ స్టేషన్ పక్కనే. 18 ఏళ్లలోపు వాళ్లకి ఉచితం, అక్టోబరు నుంచి మార్చి వరకు నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితం. గదులు పాత మేడవి కాబట్టి ఆ రోజు 'ద కిస్' చుట్టూ తిరగడానికి చోటుండదు. ప్లాస్టర్ల మీద ఆసక్తి పుట్టినవాళ్లు పారిస్ శివారు మ్యుడాన్‌లోని రోదాన్ ఇంటికీ వెళ్లాలి. పెద్ద ప్లాస్టర్లూ, థింకర్ కింద ఆయన, భార్య రోజ్ బరే సమాధులూ అక్కడే. అది అన్ని రోజులూ తెరిచి ఉండదు, తేదీలు చూసుకునే బయల్దేరండి.