పెన్న ఒడ్డు ఊరికి ఏది మేలు: మురుగు కుంటలా, మోటారు ప్లాంటా?

నెల్లూరు జిల్లాలో సంగం నుంచి జొన్నవాడ వైపు పెన్న గట్టు వెంట వస్తుంటే చాలా ఊళ్ల చివర ఒకటే కనిపిస్తుంది. సిమెంటు రోడ్డు ఆగిన చోటే సైడు కాలువ కూడా ఆగిపోతుంది. ఆ పైన సబ్బు నురగ, బూడిద రంగు మడుగు, అందులో మోకాలి లోతున నిలబడ్డ రెండు గేదెలు. మిగిలినదంతా ఏటి ఇసుకలోకి.

మూడు వేల మంది ఉన్న ఊరు అనుకుందాం. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్లు. వాడిన దానిలో 80 శాతం మురుగై బయటికి వస్తుందని ఇంజినీర్లు లెక్క కడతారు. అంటే రోజుకు సుమారు 1,32,000 లీటర్లు.

ఇంకుడు గుంతలు చాలవా అంటారు కొందరు. అంట్ల నీళ్లకు, స్నానాల నీళ్లకు పర్వాలేదు. మరుగుదొడ్డి నీళ్లను కూడా ఏటి పక్క ఇసుక నేలలోకి దింపితే అవి తాగే బోరును చేరడానికి ఎక్కువ కాలం పట్టదు.

మోటారు ప్లాంటు అంటే ట్యాంకులోని మురుగులోకి మోటారుతో గాలి ఊది శుభ్రం చేసేది. దానికి చోటు తక్కువ చాలు, నీళ్లు కొద్ది గంటల్లోనే తేటపడతాయి. కానీ మురుగును తినే బాక్టీరియాకు రాత్రింబవళ్లు గాలి అందాలి. గాలి ఊదే బ్లోయర్ కాలిపోతే దాన్ని బాగు చేయించే లోపల ట్యాంకు కంపు కొడుతుంది. నేను చూసిన ఒక లేఅవుట్ ప్లాంటులో జరిగింది అదే: మోటారు రిపేరుకు వెళ్లింది, మురుగు పక్క కాలువలోకి వెళ్లింది. ఆపరేటరు జీతం, కరెంటు బిల్లు, తరచూ తీయాల్సిన బురద, ఇవన్నీ పంచాయతీ నెత్తినే.

కుంటల పద్ధతి మన జిల్లాలో రొయ్యల చెరువు ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎండలో నాచు ఆక్సిజన్ వదులుతుంది, తెల్లవారుజామున అది పడిపోతుంది, అందుకే చెరువులో ఏరియేటర్లు తిప్పుతారు. మురుగు కుంటలో రొయ్య లేదు కనుక ఆ భయమూ లేదు. మురుగు వరుసగా మూడు కుంటలు దాటుతుంది. మొదటిది మూడు మీటర్ల లోతు. మడ్డి అడుగుకు దిగి అక్కడే కుళ్లుతుంది. రెండోది ఒకటిన్నర మీటరు. నాచు, బాక్టీరియా కలిసి పనిచేసేది ఇక్కడే. మూడోది ఒక మీటరు. ఎండ సూటిగా తగిలి రోగక్రిములు చస్తాయి. అన్నీ దాటడానికి రెండు వారాలు పడుతుంది. మన ఎండలకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తోచలేదు. నులిపురుగుల గుడ్లు అడుగుకు దిగడానికీ ఈ నిదానమే కావాలి. సేద్యపు నీటిలో అవి లీటరుకు ఒకటి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లోనే చెప్పింది. వడపోత లేని మోటారు ప్లాంటు ఆ హామీ ఇవ్వలేదు.

గట్లు, దారి, పూడిక ఆరబెట్టే చోటు కలుపుకుంటే ఎకరానికి కాస్త అటూ ఇటూ పడుతుంది. మొదటి కుంటలో కొన్నేళ్లకోసారి పూడిక తీయాలి. రెండోదానిలో పదేళ్లు దాటినా ఆగవచ్చు.

ఇబ్బందులు లేవని కాదు. బయటికి వచ్చే నీరు పచ్చగా ఉంటుంది, చూసి జనం ముఖం చిట్లిస్తారు. వరికి మాత్రం ఆ పచ్చదనం ఎరువే. ఆకుపచ్చ కాస్తా గులాబీ రంగుకు తిరిగితే కుంట మీద భారం ఎక్కువైందని అర్థం. గట్టు అంచున గడ్డి పెరగనిస్తే దోమలు వస్తాయి. మొదటి కుంట ఇళ్లకు కనీసం రెండు మూడు వందల మీటర్ల దూరంలో, గాలి ఊరి మీదికి వీచని వైపు ఉండాలి.

అసలు భయం పెన్నతోనే. 2021 నవంబరు వరదలో పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. అలాంటి నీళ్లు కుంటల్లోకి దూరితే ఏళ్ల మడ్డి ఒక్కసారిగా ఏటి పాలవుతుంది.

బుచ్చిరెడ్డిపాళెం లాంటి చోట ఎకరం ధర తలుచుకుంటే మోటారు ప్లాంటే గతి. పోరంబోకు ఉన్న చిన్న ఊరికైతే నా ఓటు కుంటలకే. కాకపోతే రెండు షరతులు: ఇసుక నేల కనుక అడుగున బంకమట్టి పరిచి గట్టిగా దిమ్మిస కొట్టాలి, గట్టు ఎత్తును కాగితం మీద కాకుండా, 2021లో నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఊరి పెద్దవాళ్లను అడిగి, ఆ గుర్తుకు పైనే కట్టాలి.