ఒకే పాస్‌వర్డా, ఎవరి లాగిన్ వారిదా?

సంస్థ వైఫైకి అందరికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టడం తేలిక. ప్రింటర్లు, టీవీలు కూడా ఇబ్బంది లేకుండా కనెక్ట్ అవుతాయి. కానీ ఒకరు ఉద్యోగం మానేస్తే? పాస్‌వర్డ్ మార్చి, ప్రతి పరికరంలోనూ మళ్లీ కొట్టాలి. పైగా డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో ఆ పాస్‌వర్డ్ తెలిసినవారు, పక్కవారి ఫోన్ కనెక్ట్ అయ్యే క్షణాన్ని పట్టుకోగలిగితే, వారి డేటాను దాచే వైఫై ఎన్‌క్రిప్షన్‌ను విప్పేయగలరు. నాకు అసలు టెన్షన్ ఇదే.

802.1ఎక్స్ పద్ధతిలో ఎవరి లాగిన్ వారిదే. యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) లాగిన్‌లను సరిచూసే రేడియస్ సర్వర్‌ను అడిగి, అది సరేనన్నాకే లోపలికి వదులుతుంది. వెళ్లిపోయినవారి ఖాతా ఒక్కటి ఆపితే చాలు. యూనివర్సిటీలు కలిసి వాడే ఎడ్యురోమ్ వైఫై నడిచేదీ దీనిమీదే.

సెటప్ మాత్రం కష్టం. ఫోన్లు సర్వర్ సర్టిఫికెట్‌ను (అది అసలు సర్వరేనని చూపే డిజిటల్ గుర్తింపును) సరిచూడకపోతే, అదే పేరుతో పెట్టిన నకిలీ వైఫైకి లాగిన్ వివరాలు చిక్కవచ్చు. అయినా మనుషులకు ఇదే పెట్టాలంటాను. ఒకే పాస్‌వర్డ్‌ను ప్రింటర్లకు, వేరే నెట్‌వర్క్‌లో ఉంచితే చాలు.