ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌తో దూర ప్రయాణం: ఇంటి సాకెట్ నుంచి కొండ మీద బస దాకా

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌తో, అంటే సాకెట్‌కు పెట్టి నింపుకునే బ్యాటరీ, పెట్రోలు ఇంజిన్ రెండూ ఉన్న కారుతో, ఊరు దాటేటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది రాత్రి కారు ఎక్కడ ఆగుతుందన్నదే. ఈ కార్లలో బ్యాటరీ ఎక్కువగా 10 నుంచి 20 యూనిట్ల (కిలోవాట్-అవర్ల) మధ్య ఉంటుంది. నింపుకునే వేగం తక్కువ, ఆగిపోతే ఆదుకోవడానికి పెట్రోలు ఎటూ ఉంది. అందుకే పూర్తి ఎలక్ట్రిక్ కారుకు వేసే ప్రయాణ పథకం దీనికి పనికిరాదు.

మొదటి బస ఇల్లే. 18 యూనిట్ల బ్యాటరీ నిండాలంటే నష్టాలతో కలిపి గోడలోంచి 20 యూనిట్ల పైనే లాగుతుంది. 230 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు తీసుకుంటే 2.3 కిలోవాట్లు, అంటే సుమారు 9 గంటలు. 16 ఆంపియర్లయితే 6 గంటల లోపు. గోడ నుంచి వచ్చే ఏసీ కరెంటును బ్యాటరీకి తగిన డీసీగా మార్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్ కారులోనే ఉంటుంది. అది 3.6 కిలోవాట్లదే అయితే 16 ఆంపియర్ల సాకెట్ బదులు గోడకు 7.4 కిలోవాట్ల పెట్టె బిగించినా ఒక్క నిమిషం కూడా తగ్గదు. కొనేముందు బ్రోచర్‌లో వెతకాల్సిన మొదటి అంకె ఇదే.

16 ఆంపియర్ల సాకెట్ గీజర్‌కు ఏళ్ల తరబడి బాగానే పనిచేసిందని కారుకూ చాలుతుందనుకోవద్దు. నీళ్లు కాగాక గీజర్ దానంతటదే ఆగుతుంది. కారు గంటల తరబడి ఒకే కరెంటు లాగుతూనే ఉంటుంది. స్క్రూ కాస్త వదులుగా ఉన్న చోట వేడి పుట్టి, సాకెట్ గోధుమ రంగుకు తిరిగి, చివరికి కరుగుతుంది. మెయిన్ బోర్డు నుంచి నేరుగా, మరే సాకెట్‌కూ పంచకుండా, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించాలి. దానికి విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపే స్విచ్) ఉండాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ కనీసం ఏ-టైప్ కావాలి. ఏసీ-టైప్ అయితే ఛార్జర్ నుంచి వచ్చే డీసీ లీకేజీ దాన్ని మొద్దుబార్చవచ్చు, అసలు ప్రమాదం వచ్చినప్పుడు అది ట్రిప్ కాకపోవచ్చు (కరెంటు ఆపకపోవచ్చు). ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా పోర్టబుల్ ఛార్జర్లు ఎర్రలైటు వెలిగించి ఆగిపోతాయి. ఆ హెచ్చరికను దాటవేసే అడ్డదారి అడాప్టర్లు ప్రాణాంతకం, వాటి జోలికి పోవద్దు. మొదటి రోజు అరగంట ఛార్జ్ చేశాక ప్లగ్ పట్టుకుని చూడండి: గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే వెంటనే ఆపి ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

బయలుదేరే వేళను టైమర్‌లో పెడితే ఛార్జింగ్ అప్పటికి పూర్తవుతుంది, క్యాబిన్ చల్లదనమో వెచ్చదనమో గోడ కరెంటుతోనే సిద్ధమవుతుంది. చలి ప్రాంతాలకు వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే పరికరం) గానీ విద్యుత్ హీటర్ గానీ లేని మోడళ్లలో హీటర్ వేయగానే ఇంజిన్ స్టార్టవుతుంది.

హైవే ఎక్కాక ఇంజిన్‌తో నడుపుతూ బ్యాటరీని సేవ్ మోడ్‌లో దాచుకోవడం మేలు. నిలకడైన వేగంలో ఇంజిన్ మంచి మైలేజీ ఇస్తుంది, ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ వెళ్లేటప్పుడు మోటారే మెరుగు. ఇంజిన్‌తో బ్యాటరీ నింపే ఛార్జ్ మోడ్‌లో పెట్రోలు అదనంగా కాలుతుంది, శక్తి రూపం మారిన ప్రతి చోటా కొంత పోతుంది. దాన్ని వాడదగ్గ సందర్భం ఒక్కటే: పొడవైన ఘాట్ రోడ్డు ముందుండి, బ్యాటరీ అడుగంటినప్పుడు. ఖాళీ బ్యాటరీతో ఎత్తు ఎక్కితే బరువైన కారునంతా ఇంజిన్ ఒక్కటే లాగాలి. హోరు పెరుగుతుంది, ఓవర్‌టేక్ చేసేందుకు ఊపు మిగలదు.

దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. 1,900 కిలోల కారు 1,000 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి 5 యూనిట్ల పైచిలుకు. గాలి, టైర్ల రాపిడి, ఇతర నష్టాలు పోయాక అందులో సగం దాకా తిరిగి రావచ్చు. బ్యాటరీ నిండుగా ఉంటే దానికి చోటుండదు, రీజెన్ (దిగేటప్పుడు మోటారే కారు వేగం తగ్గిస్తూ కరెంటు పుట్టించడం) పనిచేయదు, భారమంతా బ్రేక్ ప్యాడ్ల మీద పడుతుంది. కొండ మీది బసలో 75 శాతం దగ్గరే ఛార్జింగ్ ఆపేయడం నయం.

బస ఎంచుకునేటప్పుడు "ఈవీ ఛార్జింగ్ ఉంది" అన్న మాట ఒక్కటే సరిపోదు. ఫోన్ చేసి అడగండి: సాకెట్ పార్కింగ్ పక్కనే ఉందా? ఎన్ని ఆంపియర్లది? టైప్-2 (కార్ల ఏసీ ఛార్జింగ్‌కు వాడే ప్లగ్ రకం) పాయింట్ అయితే కేబుల్ దానికే ఉందా, మనం తెచ్చుకోవాలా? రాత్రంతా వదిలేయొచ్చా? కరెంటు పోతే జనరేటర్ మీద ఆ సాకెట్ నడుస్తుందా? కేబుల్ సాధారణంగా 5 మీటర్లే ఉంటుంది కాబట్టి కారు పోర్టు ముందుందా వెనకుందా, ఏ వైపుందన్నదీ గుర్తుంచుకోవాలి. పెద్ద హోటల్లోని 22 కిలోవాట్ల పాయింట్ గొప్పగా కనిపిస్తుంది గానీ అది మూడు ఫేజులది. సింగిల్ ఫేజ్ ఆన్‌బోర్డ్ ఛార్జర్‌కు అందేది 3.6 లేదా 7.4 కిలోవాట్లే. నిమిషాల లెక్కన బిల్లు వేసే చోట నెమ్మదిగా నిండే కారుకు నష్టం, యూనిట్ల లెక్కే న్యాయం.

మా అంచనాలో ఈ కారుకు అన్నిటికన్నా నప్పేది సొంత పార్కింగ్ ఉన్న చిన్న హోమ్‌స్టే. యజమానిని అడిగి, వాడిన యూనిట్లకు డబ్బిచ్చి, కారు సెట్టింగ్‌లో కరెంటును 8 లేదా 10 ఆంపియర్లకు తగ్గించి రాత్రంతా వదిలేయవచ్చు. పాత భవనమైతే ఈ తగ్గింపు తప్పనిసరి. సన్నటి ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడొద్దు. మందపాటి తీగ రీలు తప్పకపోతే పూర్తిగా విప్పాలి, చుట్టలో ఉంచితే వేడి బయటికి పోక కరుగుతుంది.

ఆన్‌బోర్డ్ ఛార్జర్‌తో పనిలేకుండా నేరుగా బ్యాటరీకే కరెంటు ఇచ్చే రోడ్డు పక్క డీసీ ఫాస్ట్ ఛార్జర్లు చాలా ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లకు అసలు అతకవు. 2013లో జపాన్‌లో వచ్చిన మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ పీహెచ్‌ఈవీకి చాడెమో అనే డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ పోర్టు ఉండేది, అలాంటివి తక్కువే. టైప్-2 పోర్టు కింద రెండు లావు పిన్నుల చోటు ఉంటేనే అది సీసీఎస్-2 అనే డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ పోర్టు. అది ఉన్నా, వెనక పూర్తి ఎలక్ట్రిక్ కారు ఎదురుచూస్తుంటే దారివ్వడమే మర్యాద, వాళ్లకు పెట్రోలు ట్యాంకు లేదు.

బంకులోనూ ఒక తేడా ఉంది. చాలా మోడళ్లలో ట్యాంకు సీలు చేసి ఒత్తిడిలో ఉంటుంది, లోపల బటన్ నొక్కి ఒత్తిడి దిగేదాకా ఆగితేనే మూత తెరుచుకుంటుంది. నెలల తరబడి ఇంటి కరెంటు మీదే తిరిగిన కారైతే ప్రయాణానికి ముందు తాజా పెట్రోలు కలపాలి.

ప్రయాణాల కోసమే కొనేవారు డిక్కీ తెరిచి చూడాలి: బ్యాటరీ చోటు తినేసి స్పేర్ వీల్ బదులు పంక్చర్ కిట్ పెట్టిన మోడళ్లున్నాయి. బ్రోచర్ మైలేజీనీ నమ్మొద్దు. 2021లో రిజిస్టరైన కార్ల వాస్తవ వాడకాన్ని పరిశీలించి యూరోపియన్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదికలో, ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ల కర్బన ఉద్గారాలు (కాలే పెట్రోలు పెరిగితే ఇవీ పెరుగుతాయి) ల్యాబ్ పరీక్షలో చూపిన విలువకు సగటున 3.5 రెట్లు తేలాయి. జనం అనుకున్నంతగా ప్లగ్ పెట్టకపోవడం దీనికి పెద్ద కారణం.

బస ఖాళీ చేసే ఉదయం కేబుల్ ఊడిరాకపోతే గుంజకండి. ముందు ఛార్జింగ్ ఆపి, కారు అన్‌లాక్ చేస్తే పోర్టులోని పిన్ వెనక్కి తగ్గుతుంది. అప్పటికీ రాకపోతే కేబుల్‌ను కాస్త లోపలికి నొక్కిపట్టి మళ్లీ అన్‌లాక్ చేయాలి. చాలా కార్లలో చేత్తో విడిపించే తాడు డిక్కీలోనో బానెట్ కిందో ఉంటుంది. అదెక్కడుందో బయలుదేరే ముందే మాన్యువల్‌లో చూసిపెట్టుకోండి.