అంకె వెనక వరుసలు: రా డేటా తీసివ్వడంలో పవర్ బీఐ, టాబ్లో, లుకర్ ఎంతవరకు పనికొస్తాయి?

రిపోర్టులో ఒక బార్ మీద 4,182 అని ఉంటుంది. ఆడిట్ చేసేవాళ్ళు అడిగేది ఒక్కటే: ఆ 4,182 ఆర్డర్లూ ఏవి? చార్టులు గీయడంలో ఏ బీఐ టూల్‌కీ (డేటాని రిపోర్టులుగా, చార్టులుగా చూపించే సాఫ్ట్‌వేర్) పేరు పెట్టక్కర్లేదు. అంకె వెనకున్న వరుసల్ని, అంటే రా డేటాని, తీసి చేతిలో పెట్టమంటే మాత్రం ఒక్కోటి ఒక్కోలా మొరాయిస్తుంది. ఈ సమీక్షలో డ్యాష్‌బోర్డుల అందచందాలకు చోటు లేదు, చూసేది ఆ ఒక్క పనే.

ముందు పవర్ బీఐ. విజువల్ మీద మౌస్ పెడితే మూలన మూడు చుక్కలు కనిపిస్తాయి, అందులో 'ఎక్స్‌పోర్ట్ డేటా' ఉంటుంది. అది నొక్కితే మూడు దారులు. 'కరెంట్ లేఅవుట్' తెరమీద ఉన్న టేబుల్‌ని ఉన్నట్టే దింపుతుంది. 'సమ్మరైజ్డ్' చార్టు గీయడానికి వాడిన కూడిక లెక్కల్ని ఇస్తుంది. మనకు కావలసిన వరుసలు మూడోదైన 'అండర్‌లయింగ్ డేటా'లో ఉంటాయి. చాలామందికి దొరకనిది కూడా అదే.

ఎందుకు దొరకదంటే, తాళాలు మూడు చోట్ల ఉన్నాయి. మొదటిది రిపోర్టు ఫైల్లోనే: పవర్ బీఐ డెస్క్‌టాప్‌లో (రిపోర్టు తయారుచేసే ప్రోగ్రాం) ఫైల్, ఆప్షన్స్ అండ్ సెట్టింగ్స్, ఆప్షన్స్, ఆపైన కరెంట్ ఫైల్ కింద రిపోర్ట్ సెట్టింగ్స్. సమ్మరైజ్డ్, అండర్‌లయింగ్ రెండింటికీ అనుమతి ఇచ్చే ఆప్షన్ అక్కడ ఎంచుకుని మళ్ళీ పబ్లిష్ చెయ్యాలి. రెండోది సెమాంటిక్ మోడల్ (రిపోర్టు వెనకున్న టేబుళ్ళు, లెక్కలు) మీద బిల్డ్ పర్మిషన్. వర్క్‌స్పేస్‌లో వ్యూయర్‌గా చేర్చినంత మాత్రాన అది రాదు, విడిగా ఇవ్వాలి. మూడోది అడ్మిన్ పోర్టల్‌లోని టెనెంట్ సెట్టింగ్ (సంస్థ మొత్తానికీ వర్తించేది): అక్కడ ఎక్స్‌పోర్ట్ ఆపేసి ఉంటే కింద ఎవరేం మార్చినా ఫలితం ఉండదు. ఐటీకి టికెట్ పెట్టేముందు ఈ మూడూ ఇదే వరుసలో చూసుకుంటే సగం ఈమెయిళ్ళు తప్పుతాయి.

తాళం తీశాక పరిమితి ఎదురవుతుంది. సీఎస్వీకి 30,000 వరుసలు, ఎక్సెల్ ఫైల్‌కి 1,50,000. అండర్‌లయింగ్ డేటా సీఎస్వీగా రాదు, ఎక్సెల్‌గానే తీసుకోవాలి. దించిన ఫైల్లో వరుసల లెక్క సరిగ్గా ఈ అంకెల దగ్గరే ఆగితే అది పూర్తి డేటా కాదనుకోవాలి. మోడల్‌లో హైడ్ చేసిన కాలమ్‌లు కూడా రావు. అసలు కావలసిన ఇన్‌వాయిస్ నంబర్ని ఎవరో 'చూడ్డానికి బాగోలేదని' దాచేసి ఉంటే అంతే సంగతులు.

ఎక్స్‌పోర్ట్ కుదరనప్పుడు చాలామంది ఖాళీ పేజీలో ఒక టేబుల్ విజువల్ పెట్టి, అన్ని కాలమ్‌లూ లాగి, అంకెలకి 'డోంట్ సమ్మరైజ్' పెట్టి అదే రా డేటా అనుకుంటారు. కాదు. ఆ విజువల్ ఒకేలా ఉన్న వరుసల్ని కలిపి ఒక్కటిగా చూపిస్తుంది. ఒకే కస్టమర్, ఒకే తేదీ, ఒకే వస్తువు, 250 మొత్తంతో రెండు అమ్మకాలు ఉన్నాయనుకోండి. టేబుల్లో ఒక్క వరుసే వస్తుంది, మొత్తంలో 250 తగ్గుతుంది, ఎక్కడ తగ్గిందో వెతకడానికి పూట పడుతుంది. మందు చిన్నదే: ప్రతి వరుసకీ వేరుగా ఉండే కీ కాలమ్ ఒకటి (ఆర్డర్ లైన్ ఐడీ లాంటిది) టేబుల్లోకి లాగాలి. మోడల్‌లో అలాంటిది లేకపోతే పవర్ క్వెరీలో (మోడల్‌లోకి డేటా తెచ్చే చోట) ఇండెక్స్ కాలమ్ చేర్చాలి.

పెద్ద డేటాకి మాత్రం బటన్లు వదిలేసి డాక్స్ స్టూడియో పట్టుకోవడమే మేలు. మోడల్ మీద క్వెరీలు నడిపే ప్రోగ్రాం అది. ఉచితం, ఓపెన్ సోర్స్. డెస్క్‌టాప్‌లో ఫైల్ తెరిచి ఉంటే నేరుగా దానికి కనెక్ట్ అవుతుంది. పవర్ బీఐ సర్వీస్‌లో (ఆన్‌లైన్ భాగం) ఉన్న మోడల్‌కైతే ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఏ ఎండ్‌పాయింట్ (బయటి టూల్స్ మోడల్‌కి కనెక్టయ్యే దారి) కావాలి, అంటే ప్రీమియం స్థాయి లైసెన్సు. మొత్తం టేబుల్ కావాలంటే ఎవాల్యుయేట్ అని రాసి, పక్కన టేబుల్ పేరు సింగిల్ కోట్స్‌లో పెట్టి, అవుట్‌పుట్‌ని ఫైల్‌కి మార్చి రన్ చేస్తే చాలు.

ఒక విజువల్ ఏ వరుసలు వాడిందో ఖచ్చితంగా తెలియాలంటే డెస్క్‌టాప్‌లో పెర్ఫార్మెన్స్ అనలైజర్ తెరిచి, స్టార్ట్ రికార్డింగ్, రిఫ్రెష్ విజువల్స్, ఆ తర్వాత ఆ విజువల్ కింద 'కాపీ క్వెరీ'. డాక్స్ స్టూడియోలో పేస్ట్ చేసి రన్ చేశాక టేబుల్ విజువల్‌కి 500 చిల్లర వరుసలే వచ్చాయని కంగారు పడొద్దు. పవర్ బీఐ తెరమీదకి ముక్కలు ముక్కలుగా తెచ్చుకోవడానికి ఆ క్వెరీలో టాప్‌ఎన్ 502 లాంటి హద్దు పెట్టుకుంటుంది. చివర ఎవాల్యుయేట్ పక్కన 'ప్రైమరీ విండోడ్' అని ముగిసే పేరు ఉంటుంది. దాన్ని తీసి, పైన 'కోర్' అని ముగిసే వేరియబుల్ పేరు పెట్టి, ఆర్డర్ బై భాగం చెరిపేస్తే పూర్తి ఫలితం వస్తుంది. అందులో గ్రాండ్ టోటల్ వరుస కూడా కలిసి రావచ్చు. దాన్ని తీసెయ్యకపోతే ఎక్సెల్‌లో మొత్తం రెట్టింపవుతుంది.

'అనలైజ్ ఇన్ ఎక్సెల్' ఇంతకన్నా సుఖమైన దారి, బిల్డ్ పర్మిషన్ ఉంటే చాలు. పివట్‌లో అంకె మీద డబుల్ క్లిక్ చేస్తే వెనకున్న వరుసలు కొత్త షీట్‌లో వస్తాయి. కాకపోతే మామూలుగా మొదటి 1,000 మాత్రమే. ఆ సంగతి షీట్ పైన చిన్నగా రాసే ఉంటుంది, ఎవరూ చదవరు. కనెక్షన్ ప్రాపర్టీస్‌లో యూసేజ్ ట్యాబ్, అందులో ఓలాప్ డ్రిల్ త్రూ దగ్గర ఉన్న 1,000ని పెంచుకోవాలి. ఎంత పెంచినా ఎక్సెల్ షీట్ 10,48,576 వరుసల దగ్గర ఆగిపోతుంది.

టాబ్లో ఈ విషయంలో కాస్త ముక్కుసూటి మనిషి. మార్క్ (చార్టులోని బార్, చుక్క లాంటిది) మీద క్లిక్ చేసి 'వ్యూ డేటా' తెరిస్తే సమ్మరీ ఒక ట్యాబ్‌లో, వెనకున్న వరుసలు మరో ట్యాబ్‌లో. పాత వెర్షన్లలో ఆ రెండోదాని పేరు అండర్‌లయింగ్, ఇప్పుడు ఫుల్ డేటా. 2020.2 నుంచి వచ్చిన రిలేషన్‌షిప్స్ (టేబుళ్ళని విడిగా ఉంచి ముడిపెట్టే పద్ధతి) వాడిన వర్క్‌బుక్‌లో ఒక్కో లాజికల్ టేబుల్‌కీ ఒక్కో ట్యాబ్ వస్తుంది. అన్నీ ఒకే షీట్లో కలిసి రాలేదని విసుక్కోకండి. టేబుళ్ళని జాయిన్ చేసి ఒక్కటి చేయడం వల్ల వరుసలు రెట్టింపయ్యే గొడవ ఇందులో ఉండదు. సర్వర్‌లో 'డౌన్‌లోడ్ ఫుల్ డేటా' అనేది విడి పర్మిషన్, వ్యూయర్ రోల్‌కి అది దక్కదు. డౌన్‌లోడ్ మెనూలో 'డేటా' మసకగా ఉందంటే ప్రతిసారీ పర్మిషన్ గొడవే కానక్కర్లేదు. డ్యాష్‌బోర్డులో ముందు ఒక షీట్ మీద క్లిక్ చేస్తేనే అది వెలుగుతుంది. ఇంత చిన్న విషయం తెరమీద స్పష్టంగా చెప్పకపోవడం టాబ్లో డిజైనర్ల తప్పే.

లుకర్‌లో అంతా మోడల్ రాసినవాళ్ళ దయ. లుక్‌ఎమ్‌ఎల్‌లో (మోడల్ రాసే భాష) ఆ మెజర్‌కి (కూడి లెక్కకట్టిన అంకెకి) డ్రిల్ ఫీల్డ్స్ రాసి ఉంటే అంకె నొక్కగానే వరుసలు వస్తాయి, లేకపోతే నొక్కినా ఉలకదు. అప్పుడు టైల్ మెనూలో 'ఎక్స్‌ప్లోర్ ఫ్రమ్ హియర్' తెరిచి, మెజర్ తీసేసి, ప్రతి వరుసకీ వేరుగా ఉండే ప్రైమరీ కీ డైమెన్షన్ చేర్చాలి. తెరమీద రో లిమిట్ 5,000 దాటదు. అంతకు మించి కావాలంటే డౌన్‌లోడ్‌లో 'ఆల్ రిజల్ట్స్' ఎంచుకోవాలి, దానికీ వేరే పర్మిషన్ ఉంది. లుకర్‌కి మార్కులు పడేది ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ని అడిగే భాష) ట్యాబ్ దగ్గర. డేటాబేస్‌కి వెళ్ళిన క్వెరీ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది, కాపీ చేసుకుని నేరుగా డేటాబేస్‌లో నడుపుకోవచ్చు. ఎస్‌క్యూఎల్ వచ్చినవాళ్ళకి ఈ మూడింట్లో ఇదే నా మొదటి ఎంపిక. రానివాళ్ళకి టాబ్లో.

ఫైల్ దిగాక కూడా ప్రమాదం పోలేదు. సీఎస్వీని డబుల్ క్లిక్‌తో తెరిస్తే ఎక్సెల్ ముందున్న సున్నాలు తినేస్తుంది, 15 అంకెలు దాటిన ఖాతా నంబర్ల తోకని సున్నాలు చేస్తుంది, తెలుగు పేర్లు పిచ్చిగీతలుగా రావచ్చు. డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్వీ' ద్వారా తెరిచి, ఎన్‌కోడింగ్ 65001 యూటీఎఫ్-8 పెట్టి, ఐడీ కాలమ్‌లని టెక్స్ట్‌గా మార్చాకే లోడ్ చెయ్యాలి.

ఇద్దరు ఒకే రిపోర్టు నుంచి దించిన వరుసల లెక్క కలవకపోతే రో లెవెల్ సెక్యూరిటీ మీద అనుమానం పెట్టుకోండి. ఎవరికి ఏ వరుసలు చూసే హక్కుందో అవే ఎక్స్‌పోర్ట్‌లోనూ వస్తాయి. ఆ తర్వాత రిఫ్రెష్ సమయం. పొద్దున దించిన ఫైల్, సాయంత్రం చూసిన చార్టు కలవాలని లేదు.

మోడల్‌లోకి తెచ్చేటప్పుడే రోజువారీ మొత్తాలుగా కుదించేసి ఉంటే (టాబ్లో ఎక్స్‌ట్రాక్ట్‌లో, అంటే తీసి దాచుకున్న డేటా కాపీలో, 'అగ్రిగేట్ డేటా ఫర్ విజిబుల్ డైమెన్షన్స్' టిక్ పెట్టినా ఇదే జరుగుతుంది) పైన చెప్పిన ఏ దారిలోనూ విడి ఆర్డర్లు రావు, అవి అక్కడ లేవు. అప్పుడు 'రా డేటా పంపండి' అని రాస్తే మళ్ళీ అదే కుదించిన ఫైలే వస్తుంది. సోర్స్ టేబుల్ పేరు, దాన్ని కుదించిన క్వెరీ, అందులో వాడిన ఫిల్టర్లు, చివరిసారి రిఫ్రెష్ అయిన సమయం: ఈ నాలుగూ పేరుపెట్టి అడగండి.